ఎడమ సీటు, కొత్త విమానం ఒకేసారి: ఒక ఏటీఆర్ కమాండ్ అప్‌గ్రేడ్ కేసు

"నిర్ణయాలు ఆలస్యం. కెప్టెన్సీ ఇంకా రాలేదు." కో-పైలట్‌ని కెప్టెన్ చేసే కోర్సు తాలూకు ఈ కేసులో శిక్షణ ఫారం మీద ముగ్గురు ట్రైనర్లు వరసగా ఇదే అర్థం వచ్చేలా రాశారు. ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్లే, కళ్లతో చూసిందే రాశారు. కాకపోతే వాళ్లు చూసింది జ్వరం, జబ్బు కాదు. ఆ జ్వరానికి మందు వేస్తూ ఐదు వారాలు పోగొట్టుకున్నాం. మనిషిని గుర్తుపట్టకుండా గంటలు, సెక్టార్లు (ఒక్కో ప్రయాణం), వాతావరణం తాలూకు వివరాలు కొద్దిగా మార్చాను. విమానం గురించిన వివరాలు మాత్రం మార్చలేదు.

నేపథ్యం

అభ్యర్థి ఎయిర్‌బస్ ఎ320 జెట్ మీద ఫస్ట్ ఆఫీసర్, అంటే కుడి సీట్లో కూర్చునే కో-పైలట్. మొత్తం 4,000 గంటలకు దగ్గర, అందులో ఎక్కువ భాగం ఎ320 మీదే. కెప్టెన్‌కి కావాల్సిన ఏటీపీఎల్ లైసెన్స్ చేతిలో ఉంది. చెక్‌లన్నీ సగటు కంటే పైనే. ఎ320 మీద కమాండ్ (కెప్టెన్ హోదా) రావాలంటే సీనియారిటీ వరసలో ఇంకొన్నేళ్లు ఆగాలి. ఏటీఆర్ 72-600 మీద ఎడమ సీట్లు, అంటే కెప్టెన్ సీట్లు, ఖాళీగా ఉన్నాయి. హైదరాబాద్ నుంచి రాజమండ్రి, కడప, తిరుపతి లాంటి ఊళ్లకు తిరిగే చిన్న ప్రొపెల్లర్ విమానం అది. రెండూ నడిపే కంపెనీలో ఈ దారి మామూలే. కమాండ్ త్వరగా వస్తుంది, కానీ సీటు, విమానం రెండూ ఒకే కోర్సులో మారతాయి.

మారేవి ఏమిటో ముందు చెప్పుకుంటే తప్ప తర్వాత జరిగింది అర్థం కాదు. ఎ320 కుడి సీట్లో కుడి చెయ్యి సైడ్‌స్టిక్ (విమానాన్ని తిప్పే పక్క పిడి) మీద, ఎడమ చెయ్యి థ్రస్ట్ లీవర్ల (ఇంజన్ బలం మార్చేవి) మీద. ఏటీఆర్ ఎడమ సీట్లో ఎడమ చెయ్యి యోక్ (స్టీరింగ్ లాంటి పిడి) మీద, కుడి చెయ్యి పవర్ లీవర్ల మీద. చేతులు తారుమారు. ఎ320లో థ్రస్ట్ లీవర్లు క్లైంబ్ గాట్లో పెడితే అక్కణ్నుంచి దాదాపు ఫ్లేర్ (నేల తాకేముందు ముక్కు ఎత్తడం) దాకా వేగం సంగతి ఆటోథ్రస్ట్ చూసుకుంటుంది. ఏటీఆర్‌లో ఆటోథ్రస్ట్ లేదు. ఎ320 తన పిచ్ (ముక్కు ఎత్తు) తనే ట్రిమ్ చేసుకుంటుంది, అంటే చెయ్యి పట్టి ఉంచక్కర్లేకుండా సర్దుకుంటుంది; ఇక్కడ ఆ పని బొటనవేలు చేయాలి. పవర్ మారినప్పుడల్లా ప్రొపెల్లర్ ముక్కుని పక్కకి లాగుతుంది. పవర్ పెంచితే రడ్డర్ (తోక చుక్కాని) పెడల్ మీద కుడి కాలు, తగ్గిస్తే ఎడమ కాలు, ఆ వెంటనే రడ్డర్ ట్రిమ్. ఎ320 మీద చాలా ఏళ్లు ఎగిరినవాళ్ల కాళ్లు క్రాస్‌విండ్ ల్యాండింగ్‌కీ ఇంజన్ ఫెయిల్యూర్‌కీ తప్ప లేవవు. ఇది వాళ్ల తప్పు కాదు, ఆ విమానం అలా అలవాటు చేస్తుంది.

మోడ్‌ల దగ్గర ఇంకో గుంట ఉంది. ఎ320లో వర్టికల్ స్పీడ్ (వీఎస్) మోడ్‌లో, అంటే ఎక్కే రేటు ఇంత అని పెట్టి, ఎక్కుతుంటే ఆటోథ్రస్ట్ తన శక్తి ఉన్నంతవరకూ వేగం నిలబెడుతుంది. అదే అలవాటుతో ఏటీఆర్‌లో వీఎస్ మోడ్ పెట్టి ఎక్కితే ఆటోపైలట్ అడిగిన రేటు కోసం ముక్కు ఎత్తుతూనే పోతుంది, వేగం కరిగిపోతూనే ఉంటుంది. చివర్లో ఆదుకోవడానికి, ఎ320లోలా పూర్తి థ్రస్ట్ దానంతట అదే ఇచ్చే ఆల్ఫా ఫ్లోర్ ఉండదు, యోక్‌ని వణికించి హెచ్చరించే స్టిక్ షేకర్ ఉంటుంది. అందుకే ఎక్కేటప్పుడు వేగాన్ని నిలబెట్టే ఐఏఎస్ మోడ్. దీనికి మంచు తోడైతే మరీ ప్రమాదం. ఎ320 మంచు పట్టే పొరని కొన్ని నిమిషాల్లో దాటేసి పైకి వెళ్లిపోతుంది. వర్షాకాలంలో ఏటీఆర్ తిరిగే 16,000 నుంచి 20,000 అడుగులంటే సరిగ్గా ఆ పొర మధ్యలోనే కాపురం. ఈ ముక్క గ్రౌండ్ స్కూల్లో ఒక స్లైడ్‌గా వెళ్లిపోతుంది. ఒక పూట పట్టాల్సిన విషయం.

సమస్య బయటపడిన తీరు

గ్రౌండ్ స్కూల్, ప్రొసీజర్ ట్రైనర్ (నమూనా కాక్‌పిట్) సాఫీగా నడిచాయి. సిమ్యులేటర్‌లో మొదటి నాలుగు సెషన్లు బాగానే పోయాయి. తొలి మచ్చ ఐదోదాంట్లో, టేకాఫ్‌లో ఇంజన్ ఫెయిల్యూర్ దగ్గర.

ఏటీఆర్‌లో టేకాఫ్‌లో ఇంజన్ పోతే ఏటీపీసీఎస్ అనే వ్యవస్థ పోయిన వైపు ప్రొపెల్లర్‌ని దానంతట అదే ఫెదర్ చేస్తుంది (రెక్కల్ని గాలికి అడ్డు పడకుండా తిప్పుతుంది), మంచి ఇంజన్ పవర్‌ని పెంచుతుంది. సిబ్బంది చేయాల్సింది అప్‌ట్రిమ్ (ఆ పవర్ పెంపు) వచ్చిందా, ఆటోఫెదర్ అయిందా చూడటం, గేర్ (చక్రాలు) ఎత్తడం, విమానాన్ని తిన్నగా ఎగరేయడం. లీవర్లు ముట్టుకోవడం యాక్సిలరేషన్ ఎత్తు (వేగం పెంచడం మొదలుపెట్టే ఎత్తు) దాటాకే: పోయిన వైపు పవర్ లీవర్ ఫ్లైట్ ఐడిల్‌కి (గాలిలో కనిష్ఠ పవర్), కండిషన్ లీవర్ (ప్రొపెల్లర్‌నీ ఇంధనాన్నీ నియంత్రించేది) ఫెదర్‌కి, ఆపైన ఫ్యూయల్ షటాఫ్‌కి, ప్రతిదీ ఇద్దరూ నిర్ధారించుకున్నాకే. మన అభ్యర్థి 300 అడుగుల దగ్గరే లీవర్ పట్టుకున్నాడు. వైపు సరైనదే, సమయం తప్పు. సెషన్ ట్రైనర్ "తొందర" అని రాసి వదిలేశారు. 2015 ఫిబ్రవరి 4న తైపీలో ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్ 72-600కి రెండో ఇంజన్ ప్రొపెల్లర్ ఫెదర్ అయితే సిబ్బంది బాగున్న మొదటి ఇంజన్‌ని ఆపేశారు. 43 మంది చనిపోయారు. ఆ ప్రమాదం తెలిసినవాళ్లు ఎవరూ ఈ తొందరని చిన్నదిగా చూడరు. మేం చూశాం. స్కిల్ టెస్ట్ పాసయ్యాడు కదా అనుకున్నాం.

అసలు గొడవ లైన్ మీద, పర్యవేక్షణలో ఎగిరే సెక్టార్లలో మొదలైంది. తొమ్మిదో సెక్టార్ అప్రోచ్ (రన్‌వే వైపు దిగే దశ) ఒక్కటి దగ్గరగా చూద్దాం. జల్లులు పడుతున్నాయి, రన్‌వే కనిపిస్తోంది. వెనక జెట్ వస్తోందని 5 మైళ్ల దాకా 170 నాట్లు ఉంచమని కంట్రోలర్ అడిగాడు. ఏటీఆర్‌కి ఇది కష్టం కాదు. ఫ్లాప్ (రెక్కల వెనక దించే పలకలు) 15కి 185 నాట్ల దాకా, ఫ్లాప్ 30కి 150 దాకా అనుమతి ఉంది. పవర్ లీవర్లు ఫ్లైట్ ఐడిల్‌కి తీస్తే ప్రొపెల్లర్లే పళ్లేల్లా గాలికి అడ్డుపడి వేగాన్ని లాగేస్తాయి. జెట్ నుంచి వచ్చినవాళ్లని మోసం చేసేదీ అదే. ఎ320 ఎంతకీ నెమ్మదించదు, కాబట్టి ముందే తగ్గించడం వాళ్ల అలవాటు. అతనూ 7 మైళ్ల దగ్గరే లీవర్లు పూర్తిగా వెనక్కి లాగాడు. 800 అడుగులకి వేగం వీయాప్ (అప్రోచ్‌లో ఉంచాల్సిన వేగం) కంటే కింద పడింది. లీవర్లు ఒక్క తోపు తోశాడు. ముక్కు ఎడమకి జరిగింది, బాల్ (పక్కకి జారుడు చూపే గుండు) బయటికి పోయింది, గ్లైడ్‌స్లోప్ (దిగాల్సిన వాలు దారి) పైకి తేలాడు. మళ్లీ ఐడిల్. 500 అడుగులకి వేగం వీయాప్ కంటే 16 ఎక్కువ, దిగే రేటు నిమిషానికి 1,100 అడుగులు, టార్క్ (ఇంజన్ బలం చూపే అంకె) అడుగున. కుడి సీట్లో ట్రైనర్ "స్పీడ్" అన్నారు. అతను "కరెక్టింగ్" అన్నాడు. ట్రైనర్ "అన్‌స్టేబుల్" (అప్రోచ్ కుదురుగా లేదు) అన్నారు. జవాబు లేదు. 400 దగ్గర ట్రైనర్ గో అరౌండ్ (దిగడం మాని మళ్లీ పైకి) చెప్పారు. లీవర్లు ముందుకు తోశాడు గానీ వాటి మీద ఉండే జీఏ (గో అరౌండ్) బటన్ నొక్కలేదు. ఎ320లో లీవర్లు టోగా (పూర్తి బలం) గాట్లో పెడితే మోడ్ దానంతట అదే వస్తుంది. ఇక్కడ నొక్కాలి. తెర మీద దారి చూపే ఫ్లైట్ డైరెక్టర్ పాత మోడ్‌లోనే కిందికి చూపిస్తూ ఉండిపోయింది.

ఫారంలో రాసింది: "గో అరౌండ్ నిర్ణయం తీసుకోలేకపోయాడు. కెప్టెన్‌లా ఆలోచించడం లేదు."

ఏం చేశాం, ఎందుకు పని చేయలేదు

నిర్ణయం సమస్య అన్నారు కాబట్టి నిర్ణయాల మీదే పడ్డాం. రెండు లాఫ్ట్ సెషన్లు (సిమ్యులేటర్‌లో మొత్తం ప్రయాణం నడిపించే శిక్షణ) అదనంగా ఇచ్చాం: వైద్య అత్యవసరం, మళ్లింపు, ఇంధన లెక్క. రెండింట్లోనూ చక్కగా చేశాడు. మాకు సంతోషం. కానీ ఆ దృశ్యాలన్నీ క్రూజ్‌లో, ఆటోపైలట్ మీద, చేతులు ఖాళీగా ఉన్నప్పుడు మొదలయ్యేవి. అది అప్పుడే గమనించి ఉండాల్సింది.

తర్వాత ఇంకో పది సెక్టార్లు, ఈసారి ముగ్గురు ట్రైనర్లతో మార్చి మార్చి. "కొత్త కళ్లు చూస్తే మంచిది" అనే ఆలోచన. నిజానికి దీంతో ఇంకా చెడింది. ఒకరు గ్లైడ్‌స్లోప్ సూచికలో ఒక డాట్ పైనున్నప్పుడు గేర్ అంటారు, ఇంకొకరు మైళ్లు లెక్కపెట్టి అంటారు. ఒకరు 20 అడుగులకి లీవర్లు ఐడిల్ అంటారు, ఇంకొకరు బరువుని బట్టి కొంచెం ముందే వదలమంటారు. అన్నీ చెల్లేవే. ఏటీఆర్ మీద వెయ్యి గంటలున్నవాడికి అవి రుచులు, కొత్తవాడికి నాలుగు వంటల పుస్తకాలు ఒకేసారి తెరిచి పెట్టినట్టు. పైగా ఏటీఆర్ కాక్‌పిట్ నేలకి తక్కువ ఎత్తులో ఉంటుంది. ఎ320 కంటి ఎత్తుకి అలవాటుపడ్డవాడు రన్‌వే మీదికొచ్చేశామనుకుని ముందే ఫ్లేర్ చేస్తాడు. ఇతనూ అంతే, తేలి తేలి దించేవాడు. ఒక్కో ట్రైనర్ దానికి ఒక్కో మందు చెప్పారు.

మూడోది, "గట్టిగా ఉండు, నువ్వు కెప్టెన్‌వి" అన్న సలహా. పాటించాడు. ఫలితంగా కుడి సీటు నుంచి వచ్చే "స్పీడ్" అనే మాటకి ఇంకా తక్కువ విలువ ఇవ్వడం మొదలుపెట్టాడు. గట్టితనం అంటే అదనుకున్నాడు.

ఇదంతా జరుగుతుండగానే ఇంకో లక్షణం కనిపించింది. నేల మీద ఏ చిన్న విషయం వచ్చినా తల కుడివైపుకి తిప్పి ట్రైనర్ ముఖం చూసేవాడు.

"ఏం చేద్దామంటారు సర్?"

"మీరే చెప్పండి కెప్టెన్."

మాట బాగానే ఉంది, కానీ చెబుతూ ట్రైనర్ కనుబొమలతో జవాబు ఇచ్చేస్తున్నారు. 20 ఏళ్లు సీనియర్ పక్కన కూర్చుంటే ఎడమ సీట్లో ఉన్నా ఫస్ట్ ఆఫీసరే. మన కాక్‌పిట్లలో "సర్" అనే మాట బరువు అంతా ఇంతా కాదు.

మలుపు

శిక్షణ ఆపేసి ఒక వారం ఇంటికి పంపాం. ఈ నిర్ణయం మీద మాలో మాకే గొడవైంది. రోస్టర్ వాళ్లకి నచ్చలేదు, అభ్యర్థి అయితే ఇక తన పని అయిపోయిందనే అనుకున్నాడు. ఆ వారంలో, అతని ఒప్పుకోలుతో, తొమ్మిదో సెక్టార్ ఫ్లైట్ డేటా తీసి చూశాం. 1,000 అడుగుల నుంచి గో అరౌండ్ దాకా 45 సెకన్లలో పవర్ లీవర్లు 13 సార్లు కదిలాయి. అంటే మూడున్నర సెకన్లకి ఒకసారి. ఏ కదలికకీ ఫలితం కనిపించే వ్యవధి ఇవ్వకుండానే తర్వాతది. పక్క త్వరణం చూపే గీత ఆ 45 సెకన్లలో ఒక్కసారి కూడా మధ్యలో నిలబడలేదు.

అప్పుడు ప్రశ్న మారింది. ఇతనికి నిర్ణయం రాదా, లేక నిర్ణయం తీసుకునే చోటు మెదడులో మిగలడం లేదా? రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. మందు మాత్రం వేరు. మొదటిదైతే అప్‌గ్రేడ్ ఆపి మళ్లీ కుడి సీటుకి పంపడమే న్యాయం. రెండోదైతే చేతికి పని నేర్పాలి. తేల్చడానికి ఒక పరీక్ష కావాలి.

ఎనిమిది సెక్టార్లు, అన్నీ ఎడమ సీట్లోనే, కానీ ఎగరేసేది ట్రైనర్. అభ్యర్థి పీఎం, అంటే ఎగరేయకుండా గమనించే పైలట్. రేడియో, పేపర్లు, ఇంధనం, వాతావరణం, ప్రయాణికులు, చివరి మాట, అన్నీ అతనివే. ట్రైనర్‌కి ఒకటే షరతు: ముఖంలో ఏమీ కనపడకూడదు, అడిగితే రెండేళ్ల ఫస్ట్ ఆఫీసర్ చెప్పేంతే చెప్పాలి. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఏటీఆర్‌లో ముక్కు చక్రం తిప్పే టిల్లర్ ఎడమవైపే ఉంది, రడ్డర్ పెడళ్లతో చక్రం తిరగదు. కాబట్టి ఎవరు ఎగరేసినా టాక్సీ, టేకాఫ్ మొదట్లో 70 నాట్ల దాకా టిల్లర్, ల్యాండింగ్ తర్వాత 70 కిందికి వచ్చాక మళ్లీ టిల్లర్ ఎడమ సీటు పనే. అది అతను తప్పించుకోలేడు, తప్పించుకోకూడదు కూడా.

మూడో సెక్టార్‌లో మంచి పరీక్ష దొరికింది. మే నెల మధ్యాహ్నం, చిన్న స్టేషన్, 42 డిగ్రీలు. ఏటీఆర్‌కి ఏపీయూ (నేల మీద కరెంటు ఇచ్చే చిన్న ఇంజన్) లేదు. కుడి ఇంజన్ ప్రొపెల్లర్‌కి బ్రేకు వేసి ఇంజన్ మాత్రం తిప్పే హోటల్ మోడ్ నుంచే నేల మీద కరెంటు, ఏసీ గాలి. వెనకగాలి ఎక్కువుంటే ఆ మోడ్ వాడకూడదు. ఆ రోజు ఉంది. గ్రౌండ్ పవర్ బండి రావడానికి పావుగంట పడుతుందన్నారు. స్టేషన్ వాళ్లు బోర్డింగ్ మొదలుపెట్టేద్దామని ఒత్తిడి. అతను కుడివైపు చూడలేదు. బోర్డింగ్ ఆపాడు, ప్రయాణికుల్ని నీడలోనే ఉంచమన్నాడు, స్లాట్ (బయల్దేరడానికి ఇచ్చిన సమయం) ఎంత జరుగుతుందో కనుక్కున్నాడు, ఆలస్యం ఎంతో క్యాబిన్ సిబ్బందికి ముందే చెప్పాడు. ఆరో సెక్టార్‌లో గమ్యం మీద ఉరుములు. దిగడం మొదలుపెట్టకముందే "రెండు చుట్లు హోల్డింగ్, ఈ అంకెకి ఇంధనం వస్తే వెనక్కి" అని రాసి పెట్టుకుని, ఆ అంకె రాగానే వాదన లేకుండా మళ్లించాడు.

జవాబు దొరికింది. తల బాగానే ఉంది. చేతులకే తీరిక లేదు.

పని చేసింది

రెండు సిమ్ సెషన్లు, ఒక్క ఫెయిల్యూర్ కూడా లేకుండా. రేడియో లేదు, చెక్‌లిస్ట్ లేదు, ఆటోపైలట్ లేదు. 5,000 అడుగులు, 170 నాట్లు, తిన్నగా. అక్కణ్నుంచి 140కి ఫ్లాప్ 15తో, తర్వాత గేర్, ఫ్లాప్ 30, మూడు డిగ్రీల దిగుడు, మళ్లీ పైకి. ప్రతి మార్పుకి ఒకటే వరస: టార్క్ పెట్టు, బాల్ చూసి కాలు, ట్రిమ్, ఐదు లెక్కపెట్టు, అప్పుడే వేగం చూడు. ఐదు పూర్తికాకుండా లీవర్ రెండోసారి ముట్టుకుంటే సిమ్ ఆపేసి మొదటికి. ఏ దశకి ఎంత టార్క్, ఎంత పిచ్ అనేది అతనే పట్టికలో రాసుకున్నాడు. ఆ అంకెలు ఇక్కడ ఇవ్వడం లేదు, కావాలనే. బరువుతో, మంచు పట్టినప్పటి (ఐసింగ్) వేగాలతో మారతాయి, పైగా ఎవరి చేత్తో వాళ్లు రాసుకున్నవే అప్రోచ్‌లో గుర్తొస్తాయి. మొదటి సెషన్ మొదట్లో 1,000 అడుగుల కింద లీవర్ కదలికలు 11, రెండో సెషన్ చివర్లో 4.

లీవర్ల మీద ఇంకో గంట వేరుగా పెట్టాం. పెడస్టల్ (రెండు సీట్ల మధ్య దిమ్మె) మీద పవర్ లీవర్లు, వాటి కుడిపక్కనే కండిషన్ లీవర్లు, ఆ పక్కన ఫ్లాప్ లీవర్. 2023 జనవరి 15న పోఖరాలో యేతి ఎయిర్‌లైన్స్ ఏటీఆర్ 72-500లో ఫ్లాప్ 30 అడిగితే కదిలింది రెండు కండిషన్ లీవర్లు. రెండు ప్రొపెల్లర్లూ ఫెదర్ అయ్యాయి, 72 మందీ పోయారు. అప్పుడు ఎడమ సీట్లో ఉన్నది ఆ విమానాశ్రయం అలవాటు చేసుకుంటున్న కెప్టెన్, కుడి సీట్లో ఇన్‌స్ట్రక్టర్. మన అభ్యర్థి సంగతికొస్తే, ఇన్నేళ్లూ పెడస్టల్ మీదికి ఎడమ చెయ్యి చాచినవాడు ఇప్పుడు కుడి చెయ్యి చాస్తున్నాడు. కండరానికి కొత్త. అందుకే ముట్టుకో, పేరు చెప్పు, కళ్లతో చూడు, అప్పుడు కదుపు. ఇంట్లో గోడకి అంటించిన కాక్‌పిట్ పోస్టర్ ముందు రోజుకి 20 నిమిషాలు. నవ్వొస్తుంది గానీ పని చేస్తుంది.

మూడో సెషన్‌లో కుడి సీట్లో ట్రైనర్‌ని తీసేసి, ఏటీఆర్ మీద 900 గంటలున్న మామూలు లైన్ ఫస్ట్ ఆఫీసర్‌ని కూర్చోబెట్టాం. ట్రైనర్ వెనక, మౌనంగా. లైన్ మీద ఇది కుదరదు, కెప్టెన్ కానివాడి పక్కన ట్రైనరే ఉండాలి. సిమ్‌లో కుదురుతుంది, మేం ముందు నుంచే చేయాల్సింది. టైప్ మీద తనకంటే ఎక్కువ తెలిసిన జూనియర్ పక్కనుంటే కెప్టెన్ ఏం చేస్తాడనేది ట్రైనర్‌తో ఎన్ని సెక్టార్లు ఎగిరినా తెలియదు. రెండో అప్రోచ్‌లో ఆ అమ్మాయి "సర్, స్పీడ్" అంది. అతని నోట "కరెక్టింగ్" రాలేదు. "ప్లస్ 12, తగ్గుతోంది, 500కి రాకపోతే గో అరౌండ్" అన్నాడు. 500కి రాలేదు. బటన్ నొక్కాడు, లీవర్లు తోశాడు, "ఫ్లాప్ 15" అన్నాడు, కుడి కాలు ముందే కదిలింది.

మిగిలిన సెక్టార్లన్నీ ఒకే ట్రైనర్‌తో. అప్రోచ్‌కి ఒకే రకం గేట్లు (ఇక్కడికి ఇంత వేగం అనే గుర్తులు), ఒకే చోట గేర్, ఒకే ఎత్తులో ఐడిల్. మార్పులు రిలీజ్ (పర్యవేక్షణ లేకుండా ఎగిరే అనుమతి) తర్వాత సొంతంగా నేర్చుకోవచ్చు. 14 సెక్టార్ల తర్వాత రిలీజ్ చెక్ పాసయ్యాడు.

మిగిలినవి

ఈదురుగాలి క్రాస్‌విండ్‌లో ఫ్లేర్ ఇంకా కాస్త ఎత్తులోనే మొదలవుతోంది. ఆరు నెలల చెక్‌లోనూ అదే రాశారు. అది గంటలతోనే తగ్గుతుంది, దానికి అదనపు సిమ్ ఇవ్వలేదు. అదే చెక్‌లో టేకాఫ్ ఇంజన్ ఫెయిల్యూర్ కూడా వచ్చింది. యాక్సిలరేషన్ ఎత్తు దాటేదాకా కుడి చెయ్యి లీవర్ల వైపే పోలేదు. ఆ తర్వాత వేళ్లు పవర్ లీవర్ మీద ఆగాయి. "నంబర్ టూ, కన్ఫర్మ్?" అని అడిగి, జవాబు వచ్చేదాకా కదపలేదు.

అప్‌గ్రేడ్ ఫారంలో మేం ఒక మార్పు చేశాం. "నిర్ణయం ఆలస్యం" అని రాసే ట్రైనర్ దాని పక్క గడిలో ఇంకో సంగతి నింపాలి: ఆ క్షణంలో అభ్యర్థి చేతులు ఏం చేస్తున్నాయి, ఆటోపైలట్ ఉందా లేదా. ఆ గడి ఖాళీగా వస్తే ఫారం వెనక్కి పంపుతున్నాం.